గుర్రం ఏడాది, పాపకి పీఎస్ఎల్ఈ: చైనా జాతకం ఎంతవరకు పట్టించుకోవాలి?

టాంపనీస్ కోడలు:

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. సింగపూర్ వచ్చి చాలా ఏళ్లయింది, టాంపనీస్‌లో ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్‌లో ఉంటాం. 2026 ఫిబ్రవరి 17న చైనీస్ న్యూ ఇయర్ కదా, మాల్‌లో అప్పుడే ఎర్ర లాంతర్లు, డప్పుల పాటలు మొదలయ్యాయి. వాళ్లకి ఏడాదికో జంతువు, ఈసారి గుర్రం; ఎవరు పుట్టిన ఏడాది జంతువు వాళ్లది. ఎస్కలేటర్ పక్కన ఆ పన్నెండు జంతువులకి పన్నెండు బోర్డులు పెట్టారు. ఉద్యోగం, డబ్బు, ఆరోగ్యం అంటూ ఒక్కోదానికి చుక్కల మార్కులు. ఎలుకకి అన్నిటికన్నా తక్కువ వచ్చాయి. మా వారు 1984 జనవరి 20న పుట్టారు. ఆ బోర్డు లెక్క ప్రకారం ఎలుకే. గుర్రానికి ఎలుక బద్ధ విరోధి అని రాసుంది. ఆయన మార్చిలో కొత్త కంపెనీలో చేరుతున్నారు.

అంతటితో ఊరుకునేదాన్నే. పక్క ఫ్లాట్‌లో ఒక చైనీస్ ఆంటీ ఉన్నారు. మా పాపని చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిప్పిన మనిషి. పాప 2014లో పుట్టిందని తెలుసు కాబట్టి మొన్న లిఫ్ట్ దగ్గర ఆపి, "ఈ ఏడు గుర్రం, పాప కూడా గుర్రం, సొంత సంవత్సరం వచ్చిందంటే జాగ్రత్త" అని చెప్పి ఒక ఎర్ర దారం చేతిలో పెట్టారు. పాప పుట్టింది ఫిబ్రవరి 2న. ఈ ఏడాదే పీఎస్ఎల్ఈ, అంటే ఆరో తరగతి చివర రాసే పరీక్ష. ఇక్కడ ఆ పరీక్ష అంటే ఇంట్లో ఎంత టెన్షనో ఉన్నవాళ్లకి తెలుసు. మాతృభాష పేపరుకి మేం హిందీ తీసుకున్నాం, తెలుగు లేదు కదా, దాని గొడవ వేరే.

ఇంకోటి. పాప చదువుకునే బల్ల ఇంటికి దక్షిణం వైపు గదిలో ఉంది. యూట్యూబ్‌లో చూస్తే 2026లో దక్షిణం అస్సలు పనికిరాదు, చదువుకి ఈశాన్యం మంచిది, బల్ల అటు జరపండి అంటున్నారు. మా ఈశాన్యంలో దేవుడి మందిరం ఉంది. అత్తయ్యగారితో ఈ మాట ఫోన్‌లో అన్నాను, ఆవిడ రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

నమ్మకాలు లేవని చెప్పను. ఏలినాటి శనికి నూనె పోసి వచ్చే ఇల్లే మాది. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు:

చెల్లెమ్మా, మనకి శని, రాహువు, కేతువు ముగ్గురున్నారు. వీళ్లకే సమాధానం చెప్పుకోలేక ఛస్తుంటే చైనా నుంచి నాలుగో మనిషిని దిగుమతి చేసుకోవడం అవసరమా? పాపని చదివించండి, బల్ల ఎటు ఉంటే ఏంటి.

పెనాంగ్ లెక్కల మాస్టారు:

అమ్మా, నేను మలేసియాలో పుట్టిన తెలుగువాణ్ణి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్‌లో తోట పనికి వచ్చాడు. నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ హొక్కియన్ చైనీస్. అంచేత ఇంట్లో రెండు పంచాంగాలు, రెండు రకాల భయాలు, పండగలైతే లెక్కే లేదు. నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీ వారి సంగతి. ఆయన ఎలుక కాదు, పంది. మాల్ వాళ్లు 1984 అని ఇంగ్లీషు సంవత్సరం చూసి ఎలుక కింద రాసేస్తారు. ఆ ఏడు చైనా కొత్త సంవత్సరం వచ్చింది ఫిబ్రవరి 2న. జనవరి 20 నాటికి ఇంకా పాత సంవత్సరమే నడుస్తోంది. మనవాళ్లు జనవరిలో పుట్టిన పిల్లాడికి ఉగాది ఇంకా రాలేదు కాబట్టి పాత సంవత్సరం పేరే రాస్తారు చూడండి, మీ వారికి రుధిరోద్గారి అని రాసి ఉంటారు, అదే పద్ధతి. పందికి ఈ ఏడాది గుర్రంతో ఏ పేచీ లేదు. జనవరిలో, ఫిబ్రవరి మొదట్లో పుట్టి, ఏళ్ల తరబడి వేరే జంతువు ఫలితాలు చదువుకుంటూ బెంగపడేవాళ్లని ఎంతమందిని చూశానో. ఆశ్చర్యం ఏమిటంటే అవి కూడా వాళ్లకి సరిగ్గా జరిగినట్టే ఉంటాయి.

పాప సంగతి ఇంకా తమాషాగా ఉంది. 2014లో కొత్త సంవత్సరం జనవరి 31న వచ్చింది. ఆ లెక్కన ఫిబ్రవరి 2న పుట్టిన పిల్ల గుర్రమే, ఆంటీ చెప్పింది నిజమే. కానీ పుట్టిన గంటతో సహా జాతకం వేసే బాజీ పండితులు అమావాస్యని పట్టుకోరు, సూర్యుణ్ణి పట్టుకుంటారు. వాళ్లకి సంవత్సరం మారేది లిచున్ నాడు, అంటే ఫిబ్రవరి 4 ప్రాంతంలో. వాళ్ల దగ్గరికి వెళితే మీ పాప పాము! పాముకీ ఈ ఏడాది అడ్డేమీ లేదు. మనకి చాంద్రమానం, సౌరమానం ఉన్నట్టే వాళ్లకీ రెండున్నాయి, ఎవరికి ఏది అనుకూలమో అది వాడతారు. మా ఆవిడైతే గుళ్లో ఒకటి, జాతకాలు, దిక్కులు చూసే సింసే దగ్గర ఒకటి చెబుతుంది.

ఇక తైసూయి. ఆయన సంవత్సరాధిపతి. ఏడాదికో జంతువు చోటు ఆయనది. ఈసారి గుర్రం చోటు, దిక్కు దక్షిణం. ఆయనతో తగువున్నవి గుర్రం, ఎదురుగా ఉండే ఎలుక, ఆ పైన ఎద్దు, కుందేలు. ఈ నాలుగూ గుడికి వెళ్లి పేరు, పుట్టిన తేదీ కాగితం మీద రాయించి, కొద్దిగా డబ్బు కట్టి శాంతి చేయించుకుంటాయి. ఏడాది చివర మళ్లీ వెళ్లి దండం పెట్టి వస్తారు. మీరు వాటర్‌లూ స్ట్రీట్‌లో కృష్ణుడి గుడికి ఎప్పుడైనా వెళ్లే ఉంటారు. దాని పక్కనే క్వాన్ ఇమ్ గుడి. కొత్త సంవత్సరం రాత్రి చూడండి, మొదటి అగరొత్తి తామే గుచ్చాలని జనం ఎంత వరసలో నిలబడతారో. అందులో సగం మంది వెనక్కి వచ్చేటప్పుడు కృష్ణుడికి కూడా ఒక దండం పెట్టి పోతారు.

ఈ పన్నెండేళ్ల చక్రం ఎక్కడి నుంచి వచ్చిందంటే, గురుగ్రహం నుంచి. సూర్యుడి చుట్టూ తిరగడానికి గురుడికి పన్నెండేళ్లకి కాస్త తక్కువ, 11.86 ఏళ్లు పడుతుంది. పాతకాలపు చైనా జ్యోతిష్కులు ఆ గురుడికి ఎదురు దిశలో నడిచే ఒక ఊహా గ్రహాన్ని పెట్టుకుని ఏళ్లు లెక్కపెట్టారు. ఆ ఊహా గ్రహమే తర్వాత తైసూయి దేవుడయ్యాడు. మన పుష్కరాలు కూడా గురుడు రాశి మారడాన్ని బట్టే కదా, గోదావరికి 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో. అరవై ఏళ్ల చక్రం కూడా ఇద్దరికీ ఉంది. వాళ్ల ప్రస్తుత చక్రం 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో వచ్చింది. మూడేళ్లు అటూ ఇటూ. మార్చి 19న మనకొచ్చే పరాభవ నలభయ్యోది అయితే, వాళ్ల ఈ అగ్ని గుర్రం (గుర్రానికి అగ్ని తత్వం కలిసిన ఏడు, అరవై ఏళ్లకొకసారి వస్తుంది) నలభై మూడోది. అసలు గురుడి నడకతో సరిచూసుకోవడం దక్షిణాదిన మనమూ మానేశాం, వాళ్లూ ఏనాడో మానేశారు. ఇద్దరమూ వరసపెట్టి లెక్కపెట్టుకుంటూ పోతున్నాం.

బల్ల సంగతి రాత్రికి రాస్తాను. దాన్లో అసలైన లెక్క ఉంది. మనవడిని ట్యూషన్ నుంచి తీసుకురావాలి.

హాంకాంగ్ వాసి:

మాస్టారు చెప్పింది చదివాక నాకు ఇక్కడి సంగతి ఒకటి రాయాలనిపించింది. హాంకాంగ్‌లో షాటిన్ దగ్గర చేకుంగ్ గుడి ఉంది. కొత్త సంవత్సరం రెండో రోజున ఊరు మొత్తానికి కలిపి ఒక వెదురు పుల్ల తీస్తారు, దాని మీద నంబరును బట్టి ఆ ఏడాది ఫలం. 2003లో ప్రభుత్వ అధికారి ఒకాయన తీస్తే అన్నిటికన్నా చెడ్డ పుల్లల్లో ఒకటి వచ్చింది. ఆ వసంతంలోనే సార్స్ వచ్చి దాదాపు మూడు వందల మంది పోయారు. ఆ తర్వాత నుంచి ప్రభుత్వం తరఫున ఎవరూ ఆ పుల్ల జోలికి పోలేదు, న్యూ టెరిటరీస్ గ్రామ పెద్దల సంఘం అధ్యక్షుడే తీస్తున్నాడు. మంత్రులకి కూడా భయమే అన్నమాట.

అదే ఊళ్లో సీఎల్ఎస్ఏ అనే బ్రోకరేజీ 1992లో మొదలుపెట్టి ఫెంగ్‌షూయ్ (చైనా వాస్తు) లెక్కలతో స్టాక్ మార్కెట్ జోస్యం నవ్వులాటగా వేసేది. మా ఆఫీసులో అది నవ్వుకుంటూ చదివినవాళ్లే మరునాడు తమ జంతువు పేజీ ఫోటో తీసుకునేవాళ్లు.

రాణీగంజ్ రాజు:

సికింద్రాబాద్‌లో మాకు గిఫ్ట్ షాపు ఉండేది, ఇప్పుడు లేదు. ఏటా డిసెంబరు నుంచి ఫెంగ్‌షూయ్ సరుకు వచ్చేది. లాఫింగ్ బుద్ధ, మూడు కాళ్ల కప్ప, నాణేలు గుచ్చిన ఎర్ర తాడు, గాలికి మోగే గొట్టాలు. కొత్త ఏడాది కిట్ అని ఒక డబ్బా వచ్చేది. డబ్బా మీద సంవత్సరం అంకె ఒక్కటే స్టిక్కరు. కింద గోకితే నిరుటి స్టిక్కరు ఉండేది. దిక్కులు రాసిన కాగితం కూడా మారేది కాదు. కొన్నవాళ్లకి మేలు జరిగిందా అంటే, మళ్లీ వచ్చి కొన్నారు, అంతవరకే చెప్పగలను. లాఫింగ్ బుద్ధ అసలు బుద్ధుడు కాదని, సంచీ మోసుకు తిరిగిన చైనా సన్యాసి అని చెబితే ఒకాయన బొమ్మ తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత నేను చెప్పడం మానేశాను.

పెనాంగ్ లెక్కల మాస్టారు:

రాజుగారూ, ఆ దిక్కుల కాగితం మారకపోవడమే అసలు మోసం. ఎందుకంటే ఫెంగ్‌షూయ్‌లో ఏటా దిక్కు ఫలాలు మారి తీరాలి. చెబుతాను.

అమ్మా, కాగితం మీద మూడు గళ్లు అడ్డం, మూడు నిలువు గీయండి. పై వరసలో 4, 9, 2. మధ్య వరసలో 3, 5, 7. కింద 8, 1, 6. ఎటు కూడినా 15. చైనావాళ్లకి పటంలో దక్షిణం పైన ఉంటుంది కాబట్టి 9 ఉన్నది దక్షిణం, కింద ఎడమ మూల 8 ఉన్నది ఈశాన్యం. ఇదే పునాది చట్రం. ఏటా ఫిబ్రవరి 4 ప్రాంతంలో ప్రతి గడిలో అంకె ఒకటి తగ్గుతుంది, 1 తర్వాత మళ్లీ 9. మధ్య గడిలో 2024లో 3 ఉంది, 2025లో 2, ఇప్పుడు 1. మధ్యలో 1 ఉన్న ఏడాది దక్షిణంలో 5 వస్తుంది, ఈశాన్యంలో 4 వస్తుంది, వాయవ్యంలో 2. అయిదు అంటే వాళ్లకి పరమ చెడ్డ అంకె, రెండు రోగం, నాలుగు చదువు. మీ యూట్యూబ్ ఆయన చెప్పిన రహస్యం మొత్తం ఇంతే. పదకొండేళ్ల పిల్లకి నేర్పితే మీ పాపే వచ్చే ఇరవై ఏళ్ల ఫలితాలు వేసి ఇస్తుంది.

ఇప్పుడు చూడండి. మందిరం కదిపి బల్ల ఈశాన్యానికి జరిపారనుకోండి. 2027లో ఈశాన్యంలో 4 పోయి 3 వస్తుంది, అది తగువుల అంకె. ఆ చదువు అంకె 4 ఎక్కడికి పోతుంది? దక్షిణానికి! అంటే ఇప్పుడు బల్ల ఉన్న చోటుకే. అప్పుడు మళ్లీ బల్ల ఇటు, మందిరం అటు జరుపుతారా? మన వాస్తులో ఈశాన్యం ఎన్నేళ్లైనా ఈశాన్యమే. వీళ్ల పద్ధతిలో ఇల్లు కదలదు, అంకెలు ఇంట్లో తిరుగుతుంటాయి. ఈ రెండింటినీ కలిపి వండితే అత్తగారూ కోడలూ మాట్లాడుకోవడం మానేస్తారు తప్ప ఇంకేమీ రాదు. మందిరాన్ని ముట్టుకోకండి.

ఈ ఏడాది దక్షిణంలో ఉన్న అయిదు అక్కడే 2017లో కూడా ఉంది, తొమ్మిదేళ్లకొకసారి వస్తుంది. అప్పటికి మీరా ఇంట్లోనే ఉంటే, ఆ ఏడు దక్షిణం గదిలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

నిష్ఠగా పాటించేవాళ్లు కూడా దక్షిణంలో కూర్చోవద్దనరు. ఆ వైపు గోడలకి డ్రిల్లింగ్ పెట్టొద్దు, మట్టి తవ్వొద్దు, గోల చెయ్యొద్దు అంటారు. ఉత్తరంలో కూడా ఈ ఏడాది అదే నియమం. లోహం వస్తువు ఏదైనా పెట్టమంటారు, ఎందుకంటే అయిదు మట్టి గుణం, లోహం దాని బలాన్ని లాగేస్తుందని సిద్ధాంతం. పాప బల్ల మీద స్టీలు గ్లాసు ఉంటే శాంతి అయిపోయినట్టే. అంకెల దాకా ఏ సింసే చెప్పినా ఒకటే వస్తుంది, తేడా అంతా విరుగుడు దగ్గర. కొందరు గ్లాసంటారు, కొందరు మూడు వందల డాలర్ల ఇత్తడి గోపురం అంటారు. రెండో రకం వాళ్ల దగ్గరికి మా ఆవిడ కూడా వెళ్లదు.

విజయనగరం అమ్మాయి:

మాస్టారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా చెల్లి జపాన్‌లో ఉంది, జూన్‌లో డెలివరీ. అగ్ని గుర్రం ఏడాది పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగేస్తుందని అక్కడ పక్కింటావిడ అందట. ఏడుస్తూ ఫోన్ చేసింది. నిజంగా అలా ఉందా?

పెనాంగ్ లెక్కల మాస్టారు:

ఉంది, కానీ అది జపాన్ మాట. చైనావాళ్లలో ఆడపిల్లల మీద ఈ అపవాదు లేదు, మా ఆవిడ చుట్టాల్లో అయితే ఎవరూ విననే లేదు. 1683లో యెదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, కూరగాయల వర్తకుడి కూతురు ఓషిచిని ఇల్లు తగలబెట్టిందన్న నేరం మీద చంపేశారు. ఆమె 1666లో, అగ్ని గుర్రం ఏడాదిలో పుట్టిందని కథ. నాటకాల వల్ల ఆ కథ ఊరూరా పాకింది. 1966లో దాని దెబ్బ చూడండి: 1965లో జపాన్‌లో పద్దెనిమిది లక్షల పైన పుట్టారు, 1966లో పదమూడున్నర లక్షలకి కాస్త పైన, 1967లో మళ్లీ పంతొమ్మిది లక్షల పైన. ఒక్క ఏడాదికి నాలుగున్నర లక్షల మంది పిల్లలు తగ్గారంటే ఊరికే చెప్పుకునే మాట కాదు. అయితే ఆ ఏడాది పుట్టినవాళ్లకి బడిలో, కాలేజీలో పోటీ తక్కువైంది.

చైనాలో ఉన్న భయం వేరు. అగ్ని గుర్రం, దాని వెనకాలే వచ్చే అగ్ని మేక, ఈ రెండేళ్లూ దేశానికి అరిష్టమని పాత మాట. 1126, 1127ల్లో జిన్ సేనలు కైఫెంగ్ రాజధానిని పట్టుకుని ఇద్దరు సోంగ్ చక్రవర్తుల్ని బందీలుగా తీసుకుపోయారు, 1966లో మావో సాంస్కృతిక విప్లవం మొదలైంది, అని ఉదాహరణలు చూపిస్తారు. మరి జపాన్ దండెత్తిన 1937 ఏమిటి? ఎద్దు. మహా కరువు ముదిరిన 1960? ఎలుక. ఆ ఏళ్లకి ఎవరూ పేరు పెట్టలేదు. నేనైతే ఇలాంటి జాబితా ఇచ్చినవాణ్ణి దానికి సరిపడని ఏళ్లు కూడా రాసి తెమ్మంటాను, క్లాసులో అలాగే చేసేవాణ్ణి.

మీ చెల్లికి చెప్పమ్మా, పిల్ల మన లెక్కలో పరాభవ నామ సంవత్సరంలో పుడుతుంది, జపాన్ నాటకంలో కాదు.

టాంపనీస్ కోడలు:

మాస్టారూ, చాలా థాంక్స్ అండీ. మా వారికి పంది అని చెబితే ఎలుకే నయం అన్నారు. పాపకి ఆ గళ్లు గీసి చూపించాను, 2035 దాకా వేసేసింది, దాని ఫ్రెండ్స్ ఇళ్లకి కూడా వేస్తోంది. ఇప్పుడా గొడవ వేరే మొదలైంది.

ఒకటి అడగడం మర్చిపోయాను. మా వారిదీ పాపదీ తేలింది కానీ నాది ఎవరూ అడగలేదు. నేను 1987 ఆగస్టు. ఆ ఎర్ర దారం పాపకి కట్టాలా వద్దా? బడిలో చేతికి ఏమీ కట్టుకోనివ్వరు. ఆంటీకి తిరిగి ఏమివ్వాలో కూడా చెప్పండి, ఊరికే తీసుకున్నట్టు ఉండకూడదు.

పెనాంగ్ లెక్కల మాస్టారు:

1987 ఆగస్టా? అమ్మా, అయితే మీరు కుందేలు. మన లెక్కలో ప్రభవ. నేను పైన రాసిన నాలుగు జంతువుల్లో మీ ఇంట్లో అచ్చంగా దొరికింది మీరు ఒక్కరే! కంగారుపడకండి, కుందేలుది నాలుగింటిలో తేలిక తగువు, చిన్నచిన్న పనులు చెడటం అంటారు. వాటర్‌లూ స్ట్రీట్ వెళ్లినప్పుడు మనసుకి బావుంటే పేరు రాయించుకోండి, లేకపోతే పక్క గుళ్లో అర్చన చేయించుకుని రండి. నేనైతే అర్చన చేయిస్తాను, ప్రసాదం దొరుకుతుంది.

దారం పాప స్కూలు బ్యాగు లోపలి జేబులో పెట్టండి. ఇక్కడి చైనీస్ పిల్లలు కూడా సాక్సు లోపల కాలికి కట్టుకుంటారు, లేదా ఎర్ర లోదుస్తులు వేసుకుంటారు. పరీక్షలు ఎలాగూ సెప్టెంబరు చివర, అప్పటికి ఎవరికీ గుర్తుండదు. ఆంటీ కనిపించినప్పుడు దారం ఉందని పాపతో ఒక మాట చెప్పించండి, ఆవిడకి అది చాలు.

ఆంటీకి మొదటి రోజు ఉదయం రెండు కమలాపళ్లు తీసుకెళ్లండి. ఎప్పుడూ జంటగానే, రెండు చేతులతో. ఆవిడ వెంటనే వేరే రెండు తిరిగిస్తుంది, అది మర్యాద, వద్దనకండి. గడియారం, కత్తి, చెప్పులు ఇవ్వకూడదు. డబ్బు కవరు మీరు ఆవిడకి ఇవ్వక్కర్లేదు, ఆవిడకి పెళ్లికాని పిల్లలుంటే వాళ్లకివ్వండి, నాలుగు అంకె రాకుండా (డబ్బు దగ్గర నాలుగు పనికిరాదు, పలికితే చావు అన్నట్టుంటుంది). ఆ రోజు ఆవిడ ఇల్లు ఊడవదు, మీరు చీపురు పట్టుకుని సాయం చెయ్యబోకండి. పులిహోర మాత్రం ఒక డబ్బాలో పెట్టుకెళ్లండి. పసుపు రంగు చూసి బంగారం అని మురిసిపోతారు, మా ఆవిడ తరఫు వాళ్లు ఏటా అడిగి మరీ చేయించుకుంటారు. మిరపకాయలు కాస్త తగ్గించండి.